నల్లమల అడవికి వెళ్లేవారు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి ప్రవేశిస్తాం. కృష్ణానది దాటితే ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంటుంది. 1983లో ఒకే పులుల రక్షిత ప్రాంతంగా ఏర్పడిన ఈ అడవి రాష్ట్ర విభజన తర్వాత రెండు పేర్లతో కొనసాగుతోంది. మల్లన్న దర్శనానికో, మల్లెలతీర్థం జలపాతానికో, ఫరహాబాద్, తుమ్మలబయలు సఫారీలకో వెళ్లే మనం అక్కడ ఉండేది కొన్ని గంటలే అయినా, మనం పారేసిన చెత్త, మనవల్ల రేగిన నిప్పు, జంతువులకు మనం చేసిన అలవాట్లు మాత్రం అక్కడే ఉండిపోతాయి. అడవికి మేలు చేసే జాగ్రత్తలే చూడవచ్చినవారికి అడవిని మరింత బాగా చూపిస్తాయని నా గట్టి నమ్మకం.

ముందుగా ప్రయాణ సమయాన్ని సరిగ్గా నిర్ణయించుకోవాలి. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఈ అడవి దారిలో వాహనాలను అనుమతించరు. ఆ సంగతి తెలిసి కూడా ఆలస్యంగా బయలుదేరి, గేటు మూసేలోగా దాటాలన్న తొందరలో చాలామంది మునిమాపు వేళ అతివేగంగా నడుపుతారు. దుప్పులు, కణుతులు (సాంబర్ జింకలు), అడవిపందులు ఎక్కువగా రోడ్డు దాటేది కూడా ఆ వేళలోనే. కాబట్టి పొద్దు ఉండగానే అడవి దాటేలా బయలుదేరి, హారన్ మోగించకుండా, పాటలు కట్టేసి నెమ్మదిగా నడపండి. సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు వరకు అడవి లోపలి సఫారీలను మూసివేస్తారు. అక్టోబరు నుంచి జనవరి వరకు వాగుల్లో నీళ్లు, చెట్లపై పచ్చదనం ఉంటాయి కనుక చూడటానికి అదే మంచి కాలం.

ఆహారం విషయంలో ఎక్కువ శ్రద్ధ అవసరం. దారి పక్కన కారు ఆపి కోతులకు అరటిపండ్లు, బిస్కట్లు వేయడం పుణ్యమని భావించేవారు ఎందరో ఉన్నారు. వారి మనసులో దయ ఉందనడంలో సందేహం లేదు, కాని దానివల్ల కోతులకు హానే జరుగుతుంది. అడవిలో పండ్లు తిని గింజలను దూరదూరాలకు చేరవేయవలసిన కోతులు, తిండి కోసం పిల్లలతో సహా రోడ్డు అంచునే కాపు కాసి వాహనాల కింద పడుతున్నాయి, లేదా చేతిలోని సంచులు లాక్కునేంతగా మనుషులకు అలవాటు పడుతున్నాయి. ఉప్పు, నూనె అంటిన ప్లాస్టిక్ కవర్లను దుప్పులు, కణుతులు తిండి అనుకుని మింగేస్తాయి. ఆ ప్లాస్టిక్ కడుపులో అరగక పేరుకుపోతే అవి మేత తినలేక చనిపోతాయి. అందుచేత తినుబండారాలను ఇంట్లోనే కవర్ల నుంచి తీసి స్టీలు డబ్బాల్లో సర్దుకోండి, నీళ్లకు మళ్లీ నింపుకోగల సీసాలు తీసుకోండి. తొక్కలు, మిగిలిన అన్నం సహా చెత్తంతా వేసుకోవడానికి ఒక గట్టి సంచి కారులో ఉంచుకుని, దాన్ని ఊరికి చేరాకే ఖాళీ చేయండి. అభయారణ్యంలో చెత్త వేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా నిషేధిస్తోంది.

నల్లమల ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి రాలిన ఆకు, ఎండిన బోదగడ్డి నేలంతా పరుచుకుని ఉంటాయి. వేసవి రాకముందే అటవీ సిబ్బంది ఫైర్‌లైన్లు వేసి, అంటే గడ్డి, ఆకులు తొలగించిన ఖాళీ పట్టీలు ఏర్పరచి, మంట ఒకచోటి నుంచి మరోచోటికి పాకకుండా చూస్తారు. వారి అంత శ్రమనూ విసిరేసిన ఒక్క బీడీ ముక్క వృథా చేయగలదు. పెద్ద చెట్లు తట్టుకుని నిలబడినా, ఆ ఏటి మొలకలు, నేలమీద పెట్టిన పక్షి గుడ్లు, పరుగెత్తలేని తాబేళ్లు కాలిపోతాయి. చలిమంట, వంట, పొగ తాగడం ఏవీ అడవిలో వద్దు. ఎక్కడైనా పొగ కనిపిస్తే దగ్గరలోని చెక్‌పోస్టులో వెంటనే చెప్పండి.

నడిచేటప్పుడు అనుమతించిన బాట విడిచి వెళ్లకూడదు. స్థానిక చెంచు గైడు వెంట ఉంటే భద్రతతో పాటు, మన కంటికి ఆనని ఎన్నో గుర్తులను ఆయన చూపిస్తారు. నిశ్శబ్దంగా నడవడం మంచిదే కాని, గుబురుగా ఉన్న మలుపుల దగ్గర మెల్లగా మాట్లాడుకుంటూ సాగాలి, ఎందుకంటే ఎలుగుబంటి ఉలిక్కిపడినప్పుడే ఎక్కువగా మీద పడుతుంది. ఘాటైన అత్తర్లు పూసుకుని తేనెపట్టుల వైపు వెళ్లకండి. ఎండిన మానులను విరవడం, బెరడు పెకలించడం కూడా హానికరమే. గిద్దలూరు, నంద్యాల మధ్య అడవిలోని చెట్టు తొర్రల్లో అరుదైన నీలిరంగు సాలీడు నివసిస్తుంది. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నమూనాను బట్టి 1899లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ జీవి ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదపు అంచున ఉంది. తొర్ర ఉన్న ముసలి చెట్టు పోతే దాని ఇల్లు పోయినట్టే. నడక తగ్గించి, నీటి గుంటకు కాస్త దూరంగా కదలకుండా కూర్చోగలిగితే, మన అలికిడికి చెదిరిన పక్షులు, జంతువులు నెమ్మదిగా మళ్లీ బయటికి వస్తాయి.

వాగులో సబ్బు, షాంపూ వాడకండి. వేసవిలో ఆ గుంటలే జంతువులకు తాగునీరు. మరుగుదొడ్డి లేనిచోట మలవిసర్జన తప్పనిసరైతే నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గొయ్యి తీసి, తర్వాత మట్టితో పూడ్చాలి. టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు మూసిన సంచిలో వెనక్కి తేవాలి.

పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో, నివసించే చెంచులకు ఈ అడవే ఇల్లు, గుడి. అడగకుండా వారి ఫొటోలు తీయకండి. పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు పంచే బదులు వారు సేకరించిన తేనెను సరైన ధరకు కొనండి. చైత్ర పౌర్ణమి వేళ కొద్ది రోజులే అనుమతి ఉండే సలేశ్వరం జాతర మండువేసవిలో వస్తుంది కనుక, నిప్పు, ప్లాస్టిక్ విషయంలో ఆ రోజుల్లో మరింత జాగ్రత్తగా ఉండాలి.

తిరుగు ప్రయాణానికి ముందు బూట్లు, బట్టలు దులిపి, అంటుకున్న గింజలను చెత్త సంచిలోనే వేసుకోండి. వయ్యారిభామ వంటి కలుపు మొక్కలు ఒక చోటి నుంచి మరో చోటికి ఇలాగే చేరతాయి. పులి, గూడు, తొర్ర వంటి వాటి ఫొటోలు పంచుకునేటప్పుడు కచ్చితమైన స్థలం తెలియజేయకండి, ఫొటోలోని లొకేషన్ వివరాన్ని కూడా ముందే తొలగించండి.