లైటు వెలిగించే ముందు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి: మన కర్నూలు షార్ట్ ఫిల్మ్ టీములకు

కర్నూలులో ఇప్పుడు చేతిలో కెమెరా ఉన్న ప్రతి నలుగురు కుర్రాళ్లూ ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు. ఓర్వకల్లు రాళ్ల మధ్య, కేసీ కెనాల్ గట్టు మీద, పాతబస్తీ మిద్దె ఇళ్లల్లో షూటింగులు జరుగుతున్నాయి, నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ సెట్‌కి పోయి చూస్తే గుండె జారిపోతుంది. కెమెరా మీద లక్ష రూపాయలు పెట్టిన టీము, కరెంటు మాత్రం పెళ్లి డెకరేషన్ వాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్న పాత జంక్షన్ బాక్సు నుంచి లాగుతుంది. పెద్ద యూనిట్‌లో అయితే జనరేటర్ ఆపరేటర్, లైట్‌మన్లు, వాళ్ల మీద చీఫ్ ఉంటారు, మనకు వాళ్లెవరూ ఉండరు. కాబట్టి ఆ పని ఎలా చేసుకోవాలో వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, మెయిన్ దగ్గర ఒక మనిషిని పెట్టండి. డైరెక్టర్ కాదు, కెమెరామన్ కాదు, ఆ రోజు వేరే పనేదీ లేని ఒక మనిషి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఏ లైటు ఏ లైను మీద ఉందో అతనికి తెలిసుండాలి, అతను చెప్పకుండా ఎవరూ ప్లగ్గు పెట్టకూడదు, తీయకూడదు. "అన్నా, కట్ చెయ్" అని ఎవరు అరిచినా, ఎందుకు అని అడగకుండా ముందు కట్ చేయాలి. ఆరుగురి టీములో ఒకర్ని దీనికే కేటాయించడం దండగనిపిస్తుంది. నాకూ అనిపించేది.

పాతబస్తీలో ఒక ఇంట్లో రాత్రి సీన్ తీస్తున్నాం. పడసాలలో కడప బండలు పరిచారు, సీన్ కోసం ఆర్టిస్టు కాళ్లు కడుక్కున్న నీళ్లు ఆ బండల మీద అలాగే నిలిచి ఉన్నాయి. అద్దెకు తెచ్చిన హాలోజన్ లైటు స్టాండును కొంచెం పక్కకు జరుపుదామని పట్టుకున్నాను. చెయ్యి వదలడం లేదు. వదిలేద్దామని మనసు అంటోంది, వేళ్లు మాత్రం ఇంకా గట్టిగా బిగుసుకుపోతున్నాయి. మా వాడొకడు వైరు కాలితో తన్ని ప్లగ్గు ఊడబీకాడు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. తర్వాత ప్లగ్గు చూస్తే పైన ఉండాల్సిన లావు పిన్ను లేదు. రెండు రంధ్రాల సాకెట్‌లో పట్టాలని ఎవరో దాన్ని కోసేశారు. లోపల కరెంటు తెచ్చే ఫేజ్ వైరు తొడుగు వేడికి కరిగి లైటు బాడీకి తగిలింది, ఎర్త్ లేదు కాబట్టి ఆ కరెంటుకు నేనే దారి అయ్యాను.

ఆ లావు పిన్నే ఎర్త్. లైటు ఇనుప బాడీకి కరెంటు తగిలితే అది ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోతుంది, ఫ్యూజ్ కొట్టేస్తుంది. ఆ పిన్ను లేని ఇనుప లైటును వాడొద్దు, అద్దెకు ఇచ్చినాయన ఎంత నమ్మకంగా చెప్పినా సరే. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. మన నేల రాతి నేల, ఎండాకాలం పిడచకట్టుకుపోతుంది. ఉప్పు, బొగ్గు వేసి తీసిన ఎర్త్ గుంత అయినా సరే, ఏళ్ల తరబడి ఎవరూ ఒక బిందె నీళ్లు పోయకపోతే ఉన్నా లేనట్టే. షూటింగుకు ముందురోజు ఇంటివాళ్లను అడిగి గుంత ఎక్కడుందో కనుక్కొని నీళ్లు పోయండి. మల్టీమీటర్‌తో సాకెట్‌లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ (కరెంటు తిరిగి పోయే వైరు) మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ చూడండి. రెండూ ఇంచుమించు 230 చూపించాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వంద, నూట యాభై చూపిస్తే, అసలేమీ చూపించకపోతే, ఆ ఇంట్లో ఎర్త్ లేదని లెక్క. బాగా చూపించినంత మాత్రాన ఎర్త్ గట్టిగా ఉందని కాదు, అది తేల్చాల్సింది ఎలక్ట్రీషియనే. పాత మిద్దెల్లో చాలాచోట్ల ఎర్త్ వైరే ఉండదు, అక్కడ బ్యాటరీ లైట్లే వాడండి.

ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్, ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే 16 ఆంపియర్లు దాటి కరెంటు పారాలి. మనిషిని చంపడానికి అందులో ఎన్నో వంతు కావాలో చూడండి: దేవుడి గూట్లో పెట్టే 15 వాట్ల చిన్న బల్బులో పారేది 65 మిల్లీ ఆంపియర్లు, అది గుండె మీదుగా పోతే ప్రాణం పోవడానికి చాలు. మనిషికి రక్షణ కావాలంటే ఆర్‌సీసీబీ ఉండాలి, అదీ 30 మిల్లీ ఆంపియర్లది. వెళ్లిన కరెంటు తిరిగి రాకుండా ఇంకెక్కడికో కారుతుంటే అది క్షణంలో కట్ చేస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో ఒక చిన్న డబ్బాలో ఆర్‌సీసీబీ, ఎంసీబీ, నాలుగు సాకెట్లు బిగించి పెట్టుకోండి, ఏ ఊరికి పోయినా ఆ డబ్బా మీ వెంటే రావాలి. ప్రతి షూటింగు రోజూ పొద్దున దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడండి, పడిపోకపోతే అది పాడైనట్టే. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి మాత్రం ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు, దానికి ఆ మనిషి కూడా ఒక బల్బు లాగే కనిపిస్తాడు.

ఇక లోడు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి, అంతే లెక్క. వెయ్యి వాట్ల హాలోజన్ 4.3 ఆంపియర్లు, రెండు వేల వాట్లది 8.7. ఇంట్లో చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, దాని మీద 1380 వాట్లు దాటకూడదు. పెద్ద సాకెట్ 16 ఆంపియర్లది, దాన్ని కూడా నిండా వాడకుండా 2900 వాట్ల దగ్గర ఆపేయండి, ఎందుకంటే మన షూటింగులో లైటు గంటల తరబడి వెలుగుతుంది. అదే లైను మీద ఇంటివాళ్ల ఫ్రిజ్, బోరు మోటారు ఉన్నాయేమో కూడా అడగాలి. ఫ్యూజ్ పదే పదే పోతుంటే లావు తీగ చుట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, మీ సెట్‌లో ఎవరైనా అలా చేస్తే ఆ రోజు షూటింగు ఆపేయండి. అలా చేస్తే ఫ్యూజ్‌కు బదులు గోడలో ఉన్న వైరు కాలుతుంది.

వైరు సంగతి కొంచెం నిదానంగా చెబుతాను, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. రెండు వెయ్యి వాట్ల లైట్లకు 50 మీటర్ల దూరం నుంచి 1 స్క్వేర్ ఎంఎం సన్నటి వైరుతో కరెంటు లాగారనుకోండి. దారిలోనే 16 వోల్టులు పోతాయి. లైటు మసకబారడం ఒక్కటే కాదు, దాదాపు 140 వాట్లు ఆ వైరులోనే వేడిగా మారతాయి. వైరు పూర్తిగా పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. చుట్ట విప్పకుండా అలాగే వదిలేస్తే మధ్యలో ఉన్న చుట్లకు గాలి తగలదు, లోపలే ఉడికిపోయి తొడుగు మెత్తబడుతుంది. అందుకే చుట్టను చివరిదాకా విప్పాలి, మిగిలిన వైరును వదులుగా పాములాగా నేల మీద పరచాలి. వైరు 2.5 స్క్వేర్ ఎంఎం రాగిది, మూడు తీగలున్నదే కొనండి. లైట్లు వేసిన అరగంటకు ప్లగ్గును, వైరును చెయ్యి వెనక వైపుతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే కట్ చేసి లోడు తగ్గించండి. ఫ్రేములో కనపడకూడదని వైరును చాప కింద, పరుపు కింద దాచొద్దు. గోడ వారగా తీసుకుపోయి టేపు వేయండి, మనుషులు నడిచేచోట పైన రబ్బరు మ్యాటు వేయండి.

పొలంలో తీసేటప్పుడు పైన పోయే లైనుకు కొక్కెం తగిలించి కరెంటు తీసుకుందామనే ఐడియా ఎవడో ఒకడు చెప్తాడు. అది విద్యుత్ చట్టం 2003 ప్రకారం దొంగతనం, నేరం. దానికంటే ముఖ్యంగా, ఆ లైనుకూ మనకూ మధ్య ఫ్యూజ్ కూడా ఉండదు. మోటారు షెడ్డులో త్రీఫేజ్ నుంచి లైట్లు వేయాలన్నా ఎలక్ట్రీషియన్ లేకుండా ముట్టుకోవద్దు. అక్కడ న్యూట్రల్ వదులైతే, ఒక ఫేజ్ మీద రెండు వేల వాట్ల లైటు, ఇంకో ఫేజ్ మీద 200 వాట్ల ఎల్‌ఈడీ ఉంటే, ఆ చిన్న ఎల్‌ఈడీకి 360 వోల్టుల దాకా పోతుంది. అడాప్టర్ టప్పున పేలుతుంది.

చిన్న పెట్రోలు జనరేటర్ తెచ్చుకుంటే మూడు సంగతులు గుర్తు పెట్టుకోండి. ఒకటి, చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపి ఉంచరు, అలాంటప్పుడు టెస్ట్ బటన్ నొక్కితే ఆర్‌సీసీబీ పడిపోయినా, నిజంగా మనిషికి షాక్ కొట్టేటప్పుడు అది పని చేయకపోవచ్చు. అద్దెకు తీసుకునేటప్పుడే ఎలక్ట్రీషియన్‌తో చూపించి సరిచేయించుకోండి. రెండు, నడుస్తున్న జనరేటర్‌లో పెట్రోలు పోయొద్దు, ఆపి చల్లారనివ్వండి. మూడు, దాన్ని గదిలో, వసారాలో, గుహ నోటి దగ్గర పెట్టొద్దు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది. బెలుం గుహల్లాంటి చోట పర్మిషన్ దొరికినా లోపలికి బ్యాటరీ లైట్లే తీసుకుపోవాలి.

ఫ్రేములో కనపడే లైట్లు, టేబుల్ ల్యాంపు, గోడ బల్బు, లాంతరు, వీటికి నా దగ్గర ఒకటే నియమం ఉంది: ఆర్టిస్టు చెయ్యి తగిలే ప్రతి లైటూ బ్యాటరీదే అయ్యుండాలి. లాంతరులో కిరోసిన్ బదులు చిన్న ఎల్‌ఈడీ పెట్టి, దానికి నారింజ రంగు జెల్ కాగితం (లైటు రంగు మార్చే పల్చటి షీటు) చుట్టి, వేలితో కొంచెం కదిలిస్తే చూసేవాళ్లకు మంటలాగే ఉంటుంది. నీళ్ల సీన్లకు కూడా ఇంతే, బావి దగ్గరైనా కాలువ గట్టు మీదైనా 230 వోల్టుల వైరు ఉండకూడదు. ఇళ్లల్లో మామూలుగా ఉండే తెల్ల ఎల్‌ఈడీ బల్బు 6500 కెల్విన్, రాత్రి సీన్‌కు ముఖాలు నీలంగా పడతాయి, పసుపు వెలుగు ఇచ్చే 2700 కెల్విన్ బల్బు మార్చుకుంటే సరిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి బల్బు సెకనుకు వందసార్లు మిణుకుతుంది, 24 ఫ్రేములు పెట్టినా 25 పెట్టినా షట్టర్ 1/50లో ఉంచితే ఆ మిణుకు కనపడదు.

గండికోట లోయ అంచున తీయాలని అందరికీ ఆశ. అక్కడ గాలి ఉన్నట్టుండి లేస్తుంది. వెలుగును మెత్తబరచడానికి స్టాండుకు కట్టిన స్కిమ్మర్ గుడ్డ తెరచాప అయిపోయి స్టాండుతో సహా లేస్తుంది. స్టాండు కాళ్లలో ఒకటి లైటు బరువు ఉన్న వైపుకు రావాలి, కాళ్ల మీద ఇసుక మూటలు వేయాలి, మూటలు లేకపోతే సిమెంటు సంచుల్లో అక్కడి మట్టే నింపి కట్టండి. రాళ్లు పేర్చొద్దు, జారిపోతాయి. గాలి ఎక్కువైతే ఒక మనిషి స్టాండును పట్టుకునే ఉండాలి, ఆ మనిషి అంచు వైపు నిలబడకూడదు. పైన కరెంటు తీగలు పోతుంటే, స్టాండు పూర్తిగా ఎత్తి అటు వైపుకు పడినా తీగకు తగలనంత దూరంలో పెట్టండి. ఉరుము వినపడితే స్టాండ్లన్నీ దించేసి మనుషుల్ని బండ్లలోకి పంపండి.

పని చేసేవాళ్ల గురించి ఇంకొంచెం. లైటు పట్టేవాడికి కాళ్లకు బూట్లు ఉండాలి, హవాయి చెప్పులు కాదు. చేతికి కడియం, ఉంగరం తీసేయాలి, వేడి లైటుకు తోలు గ్లౌజులు ఇవ్వాలి. హాలోజన్ బల్బును వట్టి వేళ్లతో ముట్టుకుంటే వేలి జిడ్డు అంటినచోట వేడి ఎక్కువై గాజు పగులుతుంది, పేపరుతో పట్టుకోండి. లైటు వేసే ముందు "లైట్ ఆన్, కళ్లు జాగ్రత్త" అని అరవాలి. ఏప్రిల్, మే నెలల ఎండలో మధ్యాహ్నం లైట్‌మన్‌కు గంటకోసారి నీడలో కూర్చునే టైమివ్వండి, మజ్జిగ, నీళ్లు అందేలా చూడండి. అతను "చాలన్నా, కళ్లు తిరుగుతున్నాయి" అంటే అదే ఫైనల్.

ఎవరికైనా షాక్ కొడితే మనిషిని పట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ దగ్గరికి పోలేకపోతే ఎండిన కర్రతో వైరును నెట్టేయాలి. మనిషి స్పృహ లేకుండా, ఊపిరి తీసుకోకుండా పడి ఉంటే 108కి ఫోన్ చేసి వెంటనే రొమ్ము మధ్యలో రెండు చేతులతో నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు, అంబులెన్స్ వచ్చేదాకా మనుషులు మారుతూ. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకుపోండి, గుండె లయ తప్పితే బయటికి తెలియదు. తీగ తెగి రోడ్డు మీద పడితే దగ్గరికి పోకుండా కరెంటు వాళ్ల నంబరు 1912కి చెప్పండి.

ప్యాకప్ చెప్పగానే అందరికీ ఇంటికి పోవాలనే తొందర. ముందు మెయిన్ ఆపండి, తర్వాత ప్లగ్గులు తీయండి, లైట్లు పావుగంట చల్లారాక మడవండి. వైరు చుట్టేటప్పుడు చేతి గుండా పోనిస్తూ తొడుగు ఎక్కడైనా చిట్లిందేమో వేళ్లతో తడుముతూ చుట్టండి, చిట్లినది దొరికితే దాని ప్లగ్గు దగ్గర ఒక ముడి వేసి వేరే సంచిలో పెట్టండి. ఆ సంచి మర్నాడు పొద్దున ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోవాలి.