నాలుగు మూరల దారి: మీ వీధి ప్లాట్‌ఫారాన్ని ఇలా కొలవండి

నడవడానికి దారి కావాలని మీ వీధివాళ్లంతా కలిసి అర్జీ రాస్తుంటే, సంతకం పెట్టేముందు ఒకసారి వీధిని కొలవండి. మేం కొలవకుండా రాశాం. వెస్ట్ మాంబళంలో మా అపార్ట్‌మెంటువాళ్లం ‘ప్లాట్‌ఫారం మీద ఆక్రమణలు తొలగించాలి’ అని ఒక్క ముక్క రాసి పంపాం. మద్రాసులో ఫుట్‌పాత్‌ని ప్లాట్‌ఫారం అనే అంటాం. కొన్నాళ్లకు ఒక పొద్దున లారీ వచ్చి, మా గేటు పక్కన పూలమ్మే ఆమె బుట్ట, గొడుగు, స్టూలు ఎత్తుకుపోయింది. సాయంత్రానికల్లా ఆ జాగాలో రెండు బైకులు చేరాయి. చేతికర్రతో నడిచే మా అత్తగారు ఎప్పట్లాగే రోడ్డు మీదికి దిగి నడిచారు. ఆ కాగితంలో మూడో సంతకం నాది. ఆ బాధ నన్ను ఇంకా వదల్లేదు.

అందుకని ముందు టేపు తీయకండి, మనుషుల్ని చూడండి. ఆదివారం వద్దు. పనిరోజు పొద్దున ఆరున్నరకి ఒకసారి, రాత్రి ఏడున్నరకి ఇంకోసారి వీధి మొదట్లో బస్టాపు దగ్గర నిలబడండి. ఆ వేళల్లో కనబడేవాళ్లు ఒంటికి మంచిదని నడిచేవాళ్లు కారు. ఇళ్లల్లో పనికి వచ్చే ఆడవాళ్లు, చెత్తబండి నెట్టుకొచ్చే కార్మికులు, వీపున సంచితో బడిపిల్లలు, తలమీద గంపతో ఆకుకూరలావిడ. ఎంతమంది ప్లాట్‌ఫారం మీద నడుస్తున్నారు, ఎంతమంది రోడ్డు మీద నడుస్తున్నారు, ఎక్కడికొచ్చాక దిగుతున్నారు, ఇవన్నీ నోటుబుక్కులో గీతలు గీసుకోండి. అందరూ ఒకేచోట దిగుతున్నారంటే, అక్కడేదో అడ్డం ఉన్నట్టే.

తర్వాత ముగ్గుర్ని వెంటబెట్టుకోండి. కర్రతోనో చక్రాల కుర్చీలోనో తిరిగేవాళ్లు ఒకరు, చంటిబిడ్డ తల్లి ఒకరు, ప్లాట్‌ఫారం మీదే బతికేవాళ్లు ఒకరు. ఆ మూడో మనిషి లేకుండా మాత్రం బయల్దేరకండి. నేను పూలావిడని వెతుక్కుంటూ వెళ్తే రెండు వీధుల అవతల గుడి సందులో కనబడింది. తిరుత్తణి వైపు తెలుగు ఆమెది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ‘అక్కా, తప్పు మాదే. ఈసారి నువ్వే వచ్చి కొలువు’ అన్నాను. ‘ఇప్పుడు కొలిచి ఏం లాభమమ్మా’ అంది. మర్నాడు మాత్రం వచ్చింది.

రోడ్లు ఎలా వేయాలో కొలతలు చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల కోసం ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. వాటిలో మూడు అంకెలు గుర్తుంటే చాలు: అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, తలమీద ఖాళీ 2.2 మీటర్లు, ప్లాట్‌ఫారం ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదు. నేను 1.8 మీటర్లకి టేపు చాపి పట్టుకుంటే, పూలావిడ వంగి దాని పక్కన మోచెయ్యి ఆనించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ‘నాలుగు మూరలే కదమ్మా!’ అంది. రోజూ మల్లెపూలు కొలిచే చెయ్యి. సరిగ్గా సరిపోయింది.

మా గేటు దగ్గర ప్లాట్‌ఫారం 2.4 మీటర్లు ఉంది. ఆమె బుట్ట రోడ్డువైపు అంచున 60 సెంటీమీటర్లు పట్టేది. అంటే ఆమె కూర్చున్నా నడవడానికి నాలుగు మూరలు మిగిలేవి. దారికి అడ్డం పడ్డది కరెంటు పిల్లర్ బాక్సు, వరసగా పెట్టిన బైకులు, అన్నిటికంటే ఎక్కువగా మా కార్లు ఎక్కడానికి మేమే పోయించుకున్న సిమెంటు ర్యాంపు. మా అత్తగారి కర్ర జారేది దాని వాలు మీదే. మీరు కొలిచేటప్పుడు మీ సొంత గేటు నుంచే మొదలుపెట్టండి.

అర్జీలో ‘ఆక్రమణ’ అనే మాట వాడకండి. ఏ వస్తువు ఎక్కడ ఎంత జాగా పట్టిందో, అది ఎక్కడికి జరగాలో ఒక్కొక్కటీ ఫొటోతో, కొలతతో రాయండి. అమ్ముకునేవాళ్ల చోటు కూడా పటంలో గీసి చూపించండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వ్యాపారుల సర్వే పూర్తయి, వాళ్లకి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి. మీ అర్జీ నకలు ఆ కమిటీకీ పంపండి.

మాంబళం రైల్వే స్టేషన్‌కి అవతల పాండీబజారులో 2019లో తెరిచిన నడకదారి చూసి ‘మాకూ అలాంటిదే’ అంటారు చాలామంది. బాగుంటుంది, నేనూ వెళ్తాను. నడకకి, సైకిళ్లకి రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం ఇవ్వాలని చెన్నై కార్పొరేషన్ 2014లోనే ఒక విధానం తెచ్చింది. ఆ డబ్బు ముందు ఏ వీధికి పోవాలన్నదే అసలు తగవు. చీరలు కొనడానికి వచ్చేవాళ్ల వీధికంటే, పనికి నడిచి వెళ్లేవాళ్ల వీధికే ముందు పోవాలని నేనంటాను.

ఇల్లు, పని, బడి, కొట్టు అన్నీ పావుగంట దూరంలో ఉండాలని పారిస్‌లో కార్లోస్ మొరెనో అనే ఆచార్యుడు చెప్పాడు. మంచిమాటే. మా ఇంట్లో పనిచేసే ఆమె వాళ్లు అడయారు నది ఒడ్డున ఉండేవాళ్లు. 2015 వరదల తర్వాత వాళ్లని పెరుంబాక్కం పంపించారు. ఇక్కడికి దాదాపు 20 కిలోమీటర్లు. మా వీధి బాగుపడితే అద్దెలు పెరుగుతాయి, ఆమెకి ఇటువైపు ఇల్లు ఇంకా అందదు. మన అర్జీతో తీరే సంగతి కాదిది. అయినా ఆమె దారిని అందులో చేర్చొచ్చు. ఆర్డినరీ బస్సులో ఆడవాళ్లకి 2021 నుంచి టికెట్ లేదు, కానీ బస్సు దిగాక మా గేటుదాకా చీకటి, వానొస్తే మోకాలి లోతు నీళ్లు. బస్టాపు దగ్గర నీడ, బల్ల, అక్కణ్ణుంచి దీపాలు, మునగని దారి: ఇవి మొదటి పేజీలోనే రాయండి.

ప్లాట్‌ఫారం పలక ఒకటి విరిగితే, చెన్నైలో కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కి ఫోన్ చేస్తే సరిపోతుంది. వీధంతటి సంగతైతే మీ పేటవాళ్లు కూర్చునే ఏరియా సభలో కౌన్సిలర్ ముందు పైకి చదవండి, ఆ ముగ్గురితోనూ మాట్లాడించండి. అందినట్టు ముద్ర వేయించుకోండి. మీ వంతుగా మీరేం వదులుకుంటున్నారో చివర్లో రాయండి. ర్యాంపుని గేటు లోపలికి జరపడానికి మావాళ్లని ఒప్పించేసరికి మూడు మీటింగులు పట్టాయి.

పని మొదలైతే, అంచు రాళ్లు పాతే రోజున టేపు పట్టుకుని అక్కడే ఉండండి. సిమెంటు గట్టిపడ్డాక ఎవరూ మార్చరు. మా వీధిలో ఆ రోజు నేను ఆరింటికి కిందికి దిగేసరికి, పూలావిడ అప్పటికే ముగ్గుపిండితో నాలుగు మూరల గీత గీసి, దాని అవతల బుట్ట దించుకుని కూర్చుంది.