అడవిలో ఫిల్టర్ మొరాయిస్తే ముందు ఇంటి బోరు నీళ్లను అనుమానించండి

ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్ల బ్యాగుల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది జానెడు కూడా లేని పిండే ఫిల్టర్. వాగు నీళ్లు పట్టిన సంచికి బిగించి పిండితే, లోపలున్న సన్నటి గొట్టాల్లాంటి దారాల గోడల్లోంచి నీళ్లు వడకట్టుకుని వస్తాయి. వాటి రంధ్రాలు 0.1 మైక్రాన్ ఉంటాయి కాబట్టి బాక్టీరియా, విరేచనాలు తెచ్చే జియార్డియా లాంటి క్రిములు ఆగిపోతాయి. ఎలా వాడాలో మీకు తెలుసు. అది మాట వినకపోతే ఏం చూడాలో చెబుతాను.

సమస్య: ధార రావడం లేదు, చుక్కలే పడుతున్నాయి

బ్యాక్‌వాష్ చేశారా, అంటే నీళ్లను వెనక నుంచి ఎక్కించి కడిగారా? "ఫిల్టర్ పోయింది, కొత్తది కొనాలా?" అని అడిగేవాళ్లందరినీ నేను మొదట అడిగేది ఇదే. చాలామంది దాంతోపాటు వచ్చిన సిరంజిని కవర్లోంచి కూడా తీసి ఉండరు. సిరంజి నిండా శుభ్రమైన నీళ్లు తీసుకుని, మంచినీళ్లు వచ్చే మూతికి ఆనించి గట్టిగా నొక్కండి. మెల్లగా నొక్కితే నీళ్లు ఖాళీగా ఉన్న దారాల్లోంచే దారి చూసుకుని పోతాయి, మూసుకున్నవి అలాగే ఉండిపోతాయి. అవతలి వైపు మట్టి రంగు నీళ్లు వచ్చి, అవి తేటపడేదాకా చేయండి.

వేసవిలో నల్లమల కుంటల్లో మిగిలేది సగం బురదే. ఆ నీళ్లను నేరుగా ఫిల్టర్‌కి పెట్టకండి. పంచె గుడ్డ నాలుగు మడతలేసి వడకట్టి, ఒక అరగంట కదపకుండా ఉంచి, పైనున్న తేట మాత్రం పట్టుకోండి. పటిక గానీ, పాతకాలంలో కుండ లోపల అరగదీసినట్టు చిల్లగింజ గానీ వాడితే మట్టి ఇంకా త్వరగా అడుగుకి చేరుతుంది. అవి నీళ్లను తేటపరుస్తాయంతే, క్రిములు పోవు. తర్వాత ఫిల్టర్ తప్పదు.

సమస్య: పోయినసారి బాగానే పనిచేసింది, కడిగి దాచాను, ఇప్పుడు కదలడం లేదు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక ఏడాది ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల అడవుల్లోని తుంబురు తీర్థం దారిలో ఆరుగురికి నాదొక్కటే ఫిల్టర్. సంచిని రెండు చేతులతో నలిపినా సన్నటి తీగలా వచ్చి ఆగిపోతోంది. బ్యాక్‌వాష్ చేద్దామంటే బొటనవేలు నొప్పి పుట్టేంత నొక్కినా సిరంజి దిగడం లేదు. అవతలి నుంచి వచ్చిన నాలుగు చుక్కల్లోనూ మట్టి లేదు, తేటగా ఉన్నాయి. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. వాగు మట్టే అనుకుని గంటసేపు దాంతోనే కుస్తీ పట్టాను. ఎండాకాలం అడవిలో మంట పెట్టకూడదు కాబట్టి కాచే దారి కూడా లేదు. ఒక స్నేహితుడి జేబులో క్లోరిన్ మాత్రలు ఉండబట్టి ఆ రోజు గడిచింది.

ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే మూతి లోపల తెల్లటి పొర. బాత్రూమ్ బకెట్ అంచున, గీజర్ కాయిల్ మీద కట్టేదీ అదే. దానికి కారణం అడవి కాదు, నేను. పోయిన ట్రెక్ అయ్యాక మా బోరు నీళ్లతో శుభ్రంగా కడిగి, ఎండబెట్టి దాచాను. నీళ్లు ఆరిపోయాయి, వాటిలోని సున్నం రంధ్రాల్లో ఉండిపోయింది. ఎంత శ్రద్ధగా కడిగితే అంత సున్నం ఎక్కించినట్టే.

గుర్తుపట్టడం తేలిక. మట్టి పడితే బ్యాక్‌వాష్‌లో రంగు నీళ్లు వస్తాయి, ప్రతి సిరంజికీ ధార కొంచెం పెరుగుతుంది. సున్నం పడితే నీళ్లు తేటగానే వస్తాయి, ఎన్నిసార్లు కొట్టినా ధార పెరగదు.

పరిష్కారం వంటింట్లోనే ఉంది. ముందు చెయ్యి పెట్టగలిగేంత వేడి నీళ్లలో అరగంట నానబెట్టండి. ఎండిపోయి బిగుసుకున్న దారాలు మాత్రమే సమస్యైతే దీనికే వదులుతుంది. లేకపోతే తెల్ల వెనిగర్‌లో మరో అరగంట ముంచండి, సిరంజితో కొంచెం వెనిగర్ లోపలికీ ఎక్కించండి. తర్వాత మంచినీళ్లతో బ్యాక్‌వాష్. మొదటి రెండు మూడు సిరంజిలు మొండికేస్తాయి. ఆ తర్వాత ఒక్కసారిగా వేలి కింద సిరంజి జారినట్టు దిగుతుంది, అప్పుడు వదిలిందని తెలుసుకోండి. పులుపు వాసన పోయేదాకా కడగండి. వేడిగా మరుగుతున్న నీళ్లు మాత్రం వద్దు, దారాలు పాడవుతాయి.

ఇకమీదట దాచేముందు ఆఖరి కడుగు ఆర్వో నీళ్లతో గానీ, మినరల్ వాటర్ క్యాన్ నీళ్లతో గానీ చేయండి. బయల్దేరే రోజు కాదు, వారం ముందే ఇంట్లో ఒక లీటరు పట్టి చూడండి.

సమస్య: మెడ దగ్గర కారుతోంది

నల్ల రబ్బరు వాషర్ ఉందా? సంచి మార్చినప్పుడు పాత సంచి మూతికే అతుక్కుని ఉండిపోతుంది. ఒకటి అదనంగా పర్సులో పెట్టుకోండి.

సమస్య: వడకట్టిన నీళ్లు టీ రంగులో ఉన్నాయి

రాలిన ఆకుల రసం అది. ఫిల్టర్ ఆపదు, ఆందోళన అక్కర్లేదు. పొలాల మందులు, ఫ్లోరైడ్ కలిసిన నీళ్లు వేరే సంగతి. వాటికి ఈ ఫిల్టరూ పనిచేయదు, కాచినా పోవు. ఆ నీళ్లు తీసుకోకండి.

సమస్య: ఫిల్టర్ చేసిన నీళ్లే తాగాం, అయినా విరేచనాలు

మొదట చేతులు, సీసా మూతి చూడండి. సంచి ముంచిన తడి చేత్తోనే తాగే సీసా మూత తిప్పుతాం. ఫిల్టర్ ఒంటి మీది వాగు నీటి చుక్క జారి సీసాలో పడుతుంది. పట్టేటప్పుడు ఒక చెయ్యి వాగు నీళ్లకి, ఇంకో చెయ్యి మంచినీళ్లకి అని పెట్టుకోండి.

డిసెంబరులో కేదార్‌కాంత లాంటి మంచు ట్రెక్‌లకి వెళ్లొచ్చారా? తడి ఫిల్టర్ ఒక్క రాత్రి గడ్డకడితే దారాలు చిట్లుతాయి, బయటికి ఏమీ కనిపించదు, ధార బాగానే వస్తుంది. అనుమానం ఉన్నా పారేయండి. మంచులో రాత్రిళ్లు దాన్ని స్లీపింగ్ బ్యాగులో ఒంటికి ఆనించుకుని పడుకోవాలి.

జాతర జనం ఎక్కువగా ఉండే వాగుల్లో వైరస్‌ల భయం ఉంటుంది. అవి 0.1 మైక్రాన్‌కి ఆగవు. మంట పెట్టే వీలున్న చోట ఒక నిమిషం తెర్ల కాచండి, 2000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. వీల్లేని చోట ఫిల్టర్ పట్టిన నీళ్లలోనే క్లోరిన్ మాత్ర వేసి, అట్ట మీద రాసినంతసేపు ఆగి తాగండి.