వర్చువల్ ప్లాంట్ మోడల్ నమ్మి మెషిన్ కొనే ముందు చూసుకోవాల్సినవి

సమ్మర్ పట్టుబళ్ళు దగ్గరకొచ్చేశాయి, నెల్లూరు, కావలి, సింగరాయకొండ వైపు రొయ్యల ప్లాంట్లలో లైన్ మార్చాలని కంప్యూటర్లో సిమ్యులేషన్ (ప్లాంట్ ఎట్టా నడుస్తాదో ముందే కంప్యూటర్ మోడల్‌లో నడిపి చూడటం) చేయించుకునేవాళ్ళు ముందు ఇవి చూసుకోండన్నా.

- ఫ్రీజర్‌కి అడ్వాన్స్ కట్టకముందే పోయిన సీజన్ లోడ్ల రిజిస్టర్ మోడల్‌లో వేసి, ఏ రోజుకి ఆ రోజు నిజంగా ప్యాకైన టన్నులే వస్తున్నాయా చూడండి. జరిగిపోయిన రోజునే సరిగ్గా చెప్పలేనిది రేపటి సంగతేం చెప్తాది, దాన్ని నమ్మి లోన్ తీసుకుంటే ఇక అంతే.

- యావరేజ్ ఒక్కటే ఇవ్వొద్దు. రోజంతా లోడు సమానంగా పంచేస్తే స్క్రీన్ మీద లైన్ హాయిగా నడిచినట్టే ఉంటాది, కానీ అల్లూరు, ఇందుకూరుపేట బండ్లన్నీ ఒకేసారి గేటు దగ్గరకొచ్చి నిలబడితే ఐస్ కరిగేది అక్కడే, ఆ క్యూ మోడల్‌లో కనపడాల.

- ఒలిచే టైమింగ్ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) వారీగా పెట్టండి. 30 కౌంట్‌కీ 100 కౌంట్‌కీ కిలోకి ఒలవాల్సిన రొయ్యలు మూడింతలు పైనే తేడా.

- బ్రేక్‌డౌన్‌కి ఇంత శాతం అని కోసేసి సరిపెట్టొద్దు. 2 నిమిషాలు చొప్పున 10 సార్లు ఆగడం వేరు, ఒకేసారి 20 నిమిషాలు ఆగడం వేరు, రెండోదాంట్లోనే సరుకు గుట్ట పడేది.

- ఒక్క రన్ చూసి సంబరపడొద్దు, ర్యాండమ్ సీడ్ (బండ్లు ఎప్పుడొస్తాయి, మెషిన్ ఎప్పుడాగుతాది లాంటివి మోడల్ లాటరీలా వేసుకునేదానికి ఇచ్చే మొదటి నంబరు) మార్చి ఇరవై ముప్పై సార్లు తిప్పండి.

- షిఫ్ట్ మీద షిఫ్ట్ నడిపేవాళ్ళు మొదటి గంటల లెక్క తీసేయండి, మోడల్ ఖాళీ ప్లాంటుతో మొదలైతాది కాబట్టి.

- త్రీడీ బొమ్మ ఎంత బాగున్నా (బాగానే ఉంటాదిలే, దానికేగా డబ్బులు తీసుకునేది) ఫ్రీజర్ పెద్దదైతే తర్వాత సరుకు ప్యాకింగ్ దగ్గర ఆగుతాదా, కోల్డ్ స్టోర్ దగ్గరా అని అడగండి.