ఎడిటర్ బిల్డ్ అవ్వట్లేదా? ఎర్రర్ వారీగా చూసుకుందాం రండి

బెజవాడ, గుంటూరు వైపు ఇంజినీరింగ్ పిల్లలు చాలామంది మినీ ప్రాజెక్టుకి సొంత టెక్స్ట్ ఎడిటర్ రాస్తామంటున్నారు, కొంతమంది విమ్, ఈమాక్స్ అనే పేరున్న ఎడిటర్ల సోర్స్ దించుకుని సొంతంగా బిల్డ్ చేసుకుంటున్నారు. రెండూ మంచి పనులే, సీ భాష, టెర్మినల్, ఆపరేటింగ్ సిస్టమ్ మూడూ కలిపి నేర్పే ప్రాజెక్టు ఇంతకన్నా మంచిది నాకైతే కనపడలేదు. కానీ చాలామంది కోడ్ దగ్గర కాదు, కంపైల్ దగ్గర ఆగిపోతున్నారు. "అన్నా, ల్యాబ్‌లో వచ్చింది, రూమ్‌లో రావట్లేదు" అని స్క్రీన్‌షాట్ పంపుతారు, అందులో ఉండేది చివరి రెండు లైన్లు, మేక్ ఎర్రర్ 1, మేక్ ఎర్రర్ 2, అంతే. ఆ లైన్లలో చదవడానికి ఏమీ ఉండదు, మేక్, అంటే కంపైల్ పనులన్నీ వరసగా నడిపే ప్రోగ్రామ్, ఆగిపోయింది అని తప్ప.

అందుకే ఏ సమస్యకైనా ముందు చేయాల్సింది ఇది: పైకి స్క్రోల్ చేసి మొట్టమొదటి ఎర్రర్ పట్టుకోండి. మేక్‌ని జే ఆప్షన్ పెట్టి నాలుగైదు పనులు ఒకేసారి నడిపితే మెసేజ్‌లన్నీ కలిసిపోతాయి, కాబట్టి ఒకసారి జే లేకుండా నడిపి అవుట్‌పుట్ మొత్తం ఒక ఫైల్‌లోకి పంపించుకోండి. మేక్‌కి ముందు మీ మెషీన్‌లో ఏమేం ఉన్నాయో చూసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ దగ్గరే ఆగితే అదే ఫోల్డర్‌లో కాన్ఫిగ్ డాట్ లాగ్ అనే ఫైల్ ఉంటుంది, అసలు కారణం అందులో ఉంటుంది. విమ్‌కి మాత్రం అది సోర్స్ లోపల ఆటో ఫోల్డర్‌లో ఉంటుంది.

ల్యాబ్‌లో వార్నింగే ఇచ్చింది, నా లాప్‌టాప్‌లో ఎర్రర్ అంటోంది

కోడ్ ఒక్క అక్షరం కూడా మార్చలేదు, అయినా ఆగిపోయింది. కారణం జీసీసీ, అంటే లైనక్స్‌లో మామూలుగా వాడే సీ కంపైలర్, దాని వెర్షన్. ఉబుంటు 22.04లో జీసీసీ 11, 24.04లో 13, ఫెడోరా 40లో 14, ఫెడోరా 42లో 15 వస్తాయి, ఒక్కో మెట్టు దగ్గర కంపైలర్ ఒక్కో పాత అలవాటుని ఒప్పుకోవడం మానేసింది.

"మల్టిపుల్ డెఫినిషన్" అని లింక్ చేసేటప్పుడు వస్తే అది 2020లో వచ్చిన జీసీసీ 10 మార్పు. హెడర్ ఫైల్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా గ్లోబల్ వేరియబుల్ పెట్టేసి, ఆ హెడర్‌ని మూడు ఫైళ్లలో ఇంక్లూడ్ చేస్తే పాత కంపైలర్ మూడింటినీ ఒకటిగా కలిపేసేది, ఇప్పుడు కలపదు. హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి, అసలు వేరియబుల్ ఒకే ఒక్క సీ ఫైల్‌లో పెట్టండి. వేరేవాళ్ల పాత కోడ్ అయితే ఎఫ్ కామన్ ఫ్లాగ్ ఇచ్చి గట్టెక్కొచ్చు.

"ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్" అని ఆగితే అది 2024లో వచ్చిన జీసీసీ 14. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది ఫ్లాగ్ పెట్టి నోరు మూయిస్తున్నారు, అది చాలా ప్రమాదం. ఎడిటర్‌లో లైన్‌ని కాపీ చేయడానికి స్టర్‌డప్ వాడతారు కదా, మేక్‌ఫైల్‌లో సీ99 అని స్ట్రిక్ట్‌గా అడిగి దాని హెడర్ పెట్టకపోతే పాత కంపైలర్ ఏం అనుకునేదంటే ఈ ఫంక్షన్ ఇంట్ తిరిగిస్తుందిలే అనుకునేది. ఇంట్ 32 బిట్లు, పాయింటర్ 64 బిట్లు, పై సగం తెగిపోతుంది, ఆ తెగిన అడ్రస్‌తో ఫైల్ తెరవగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్. అంటే "కంపైల్ అయింది కానీ ఫైల్ ఓపెన్ చేస్తే పోతోంది" అనే సమస్యకీ ఈ వార్నింగ్‌కీ మూలం ఒకటే, జీసీసీ 14 దాన్ని ముందే ఆపుతోంది, అది మనకి మేలే.

హెడర్ పెట్టినా అదే ఎర్రర్ వస్తోందంటే మీ మేక్‌ఫైల్‌లో ఎస్‌టీడీ ఈక్వల్స్ సీ99 అనో సీ11 అనో ఉండుంటుంది. అలా స్ట్రిక్ట్‌గా అడిగితే స్టర్‌డప్, గెట్‌లైన్ లాంటి పోజిక్స్ (యూనిక్స్ ప్రమాణం) ఫంక్షన్లని హెడర్ దాచేస్తుంది. గ్నూ99 లేదా గ్నూ11 అని మార్చండి, లేదంటే ఫైల్‌లో మొదటి ఇంక్లూడ్ కన్నా ముందు అండర్‌స్కోర్ గ్నూ సోర్స్ డిఫైన్ చేయండి. ముందు అంటే నిజంగా ముందే, ఇంక్లూడ్ల కింద పెడితే దానికి విలువ లేదు, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

ఇక 2025లో వచ్చిన జీసీసీ 15లో ఏ ఫ్లాగూ ఇవ్వకపోతే సీ23 నడుస్తుంది. అందులో ఖాళీ బ్రాకెట్లు అంటే ఆర్గ్యుమెంట్లు లేవని అర్థం, పాత కోడ్‌లో ఖాళీగా డిక్లేర్ చేసి పిలిచేటప్పుడు రెండు ఇస్తే "టూ మెనీ ఆర్గ్యుమెంట్స్" అంటుంది. బూల్ కూడా ఇప్పుడు కీవర్డ్, సొంతంగా టైప్‌డెఫ్ చేసుకుంటే ఒప్పుకోదు. తొందరలో ఉంటే ఎస్‌టీడీ ఈక్వల్స్ గ్నూ17 పెట్టండి, తీరిక ఉంటే డిక్లరేషన్లు సరిచేయండి.

టెర్మియోస్ హెడర్ లేదంటోంది, విండోస్‌లో

మీ తప్పు కాదు, ఆ హెడర్ యూనిక్స్‌ది. టెర్మినల్‌ని రా మోడ్‌లోకి, అంటే నొక్కిన ప్రతి కీ ఎంటర్ కోసం ఆగకుండా ప్రోగ్రామ్‌కి చేరే పద్ధతిలోకి మార్చేది దాంతోనే, విండోస్‌లో వాడే జీసీసీ అయిన మింగ్‌డబ్ల్యూలో అది అసలు ఉండదు. 2016లో యాంటీరెజ్ అనే ప్రోగ్రామర్ రాసిన కిలో అనే చిన్న ఎడిటర్ కామెంట్లు, ఖాళీ లైన్లు తీసేస్తే వెయ్యి లైన్లలోపే ఉంటుంది, అందరూ దాన్ని చూసే మొదలుపెడతారు, అదీ దీనిమీదే నడుస్తుంది. డబ్ల్యూఎస్‌ఎల్‌లో, అంటే విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయంలో, ఉబుంటు వేసుకుని అక్కడ చేయండి, అన్నిటికన్నా తేలిక. విండోస్‌లోనే కావాలంటే గెట్‌కన్సోల్‌మోడ్, సెట్‌కన్సోల్‌మోడ్ వాడి ఆ భాగం మళ్లీ రాసుకోవాలి.

డబ్ల్యూఎస్‌ఎల్‌కి వచ్చాక ఇంకో సమస్య కాచుకుని ఉంటుంది: కాన్ఫిగర్ నడిపితే "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని, బిన్ ఎస్‌హెచ్ పక్కన ఒక వింత ఎమ్ గుర్తు. ఫైల్ అక్కడే ఉంది, ఎస్‌హెచ్ కూడా ఉంది, అయినా లేదంటుంది. సోర్స్‌ని విండోస్ గిట్‌తో దించారు, అది ప్రతి లైన్ చివరా విండోస్ పద్ధతిలో క్యారేజ్ రిటర్న్ చేర్చేసింది, అదే ఆ గుర్తు. డాస్‌టుయూనిక్స్‌తో ఒక్కో ఫైల్ బాగుచేసుకుంటూ కూర్చోవద్దు, డబ్ల్యూఎస్‌ఎల్ లోపలి గిట్‌తో హోమ్ ఫోల్డర్‌లోకి మళ్లీ క్లోన్ చేసేయండి. సీ డ్రైవ్‌లో పెట్టి బిల్డ్ చేస్తే ఎలాగూ బాగా నెమ్మది.

లింక్ దగ్గర "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్"

ఇనిట్‌ఎస్‌సీఆర్ దొరకలేదు అంటే, అది ఉండే ఎన్‌కర్సెస్ అనే టెర్మినల్ స్క్రీన్ లైబ్రరీని కమాండ్‌లో రాయలేదు, లేదా మీ ఫైళ్లకన్నా ముందు రాశారు. లైబ్రరీ పేరు చివర రావాలి, ఉబుంటు లింకర్ అవసరం లేదనిపించిన లైబ్రరీని పక్కన పెట్టేస్తుంది, ముందు రాస్తే దాని అవసరం ఇంకా దానికి తెలియదు. "డీఎస్‌ఓ మిస్సింగ్ ఫ్రమ్ కమాండ్ లైన్" అంటే టిన్ఫో లైబ్రరీ కూడా చేర్చండి. తెలుగు కనపడాలంటే మామూలు ఎన్‌కర్సెస్ కాదు, చివర డబ్ల్యూ ఉన్న ఎన్‌కర్సెస్‌డబ్ల్యూ వాడాలి, ఇనిట్‌ఎస్‌సీఆర్ కన్నా ముందు సెట్‌లొకేల్ పిలవాలి, లేకపోతే అక్షరాల బదులు చెత్త వస్తుంది.

విమ్: టెర్మినల్ లైబ్రరీ లేదంది, వేశాక కూడా లేదంటోంది

ఉబుంటులో లిబ్ ఎన్‌కర్సెస్ డెవ్, ఫెడోరాలో ఎన్‌కర్సెస్ డెవెల్ వేయాలి. వేశాక కూడా పాత మాటే చెప్తుంటే, ముందుసారి "లేదు" అని తేల్చుకున్న జవాబు క్యాష్‌లో ఉండిపోయింది. మేక్ డిస్ట్‌క్లీన్ కొట్టి మళ్లీ కాన్ఫిగర్ చేయండి.

విమ్‌లో కాపీ చేసింది బయట పేస్ట్ అవ్వట్లేదా? విమ్ వెర్షన్ అడిగితే ఫీచర్ల లిస్ట్ వస్తుంది, క్లిప్‌బోర్డ్ ముందు మైనస్ ఉందేమో చూడండి. ఎక్స్11, ఎక్స్‌టీ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు లేకపోతే కాన్ఫిగర్ ఎర్రర్ ఇవ్వదు, ఆ ఫీచర్ మానేసి చప్పుడు చేయకుండా ముందుకెళ్లిపోతుంది. కాన్ఫిగర్ ఆగలేదంటే అన్నీ వచ్చాయని అనుకోవద్దు. కొత్తది ఇన్‌స్టాల్ చేశాక కూడా పాత విమ్మే తెరుచుకుంటుంటే, కొత్తది యూఎస్‌ఆర్ లోకల్ కింద ఉంటుంది, తెరిచి ఉన్న టెర్మినల్ పాత దారినే గుర్తుపెట్టుకుని ఉండొచ్చు, కొత్త టెర్మినల్ తెరిచి చూడండి.

"కిల్డ్", "ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్", ఎండాకాలం, కరెంటు

సీసీ1 (జీసీసీ లోపల అసలు కంపైల్ చేసే ప్రోగ్రామ్) కిల్డ్ అని వస్తే ర్యామ్ చాల్లేదు, కెర్నెల్ దాన్ని ఆపేసింది. 4 జీబీ మెషీన్‌లో జే 8 పెట్టకండి, జే 2 చాలు, స్వాప్ చేర్చండి. డబ్ల్యూఎస్‌ఎల్ మామూలుగా మెషీన్ ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది, విండోస్ యూజర్ ఫోల్డర్‌లో డాట్ డబ్ల్యూఎస్‌ఎల్ కాన్ఫిగ్ ఫైల్‌లో పెంచుకుని షట్‌డౌన్ చేసి మళ్లీ తెరవండి.

ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్ అని ఒకసారి ఒక ఫైల్ దగ్గర, ఇంకోసారి ఇంకో ఫైల్ దగ్గర ఆగితే మాత్రం కోడ్‌ని అనుమానించొద్దు. జీసీసీనే కొన్నిసార్లు చెప్తుంది, ఈ బగ్ మళ్లీ రావట్లేదు కాబట్టి హార్డ్‌వేర్ లేదా ఓఎస్ సమస్య కావచ్చు అని. రోహిణి కార్తెలో బెజవాడ ఎండ తెలిసిందే కదా, పై అంతస్తు రూమ్‌లో మంచం మీద లాప్‌టాప్ పెట్టి అన్ని కోర్లతో బిల్డ్ చేస్తే వేడికి తట్టుకోదు. బల్లమీద పెట్టి, ఫ్యాన్ దుమ్ము దులిపించి, తెల్లవారుజామున చేసి చూడండి, అప్పుడూ వస్తే మెమ్‌టెస్ట్ పెట్టి ర్యామ్ చెక్ చేయండి. ఎన్నిసార్లు చేసినా ఒకే ఫైల్, ఒకే లైన్ దగ్గర ఆగితే అది నిజంగా కంపైలర్ బగ్, వెర్షన్ మార్చండి.

బిల్డ్ మధ్యలో కరెంటు పోయి, వచ్చాక "ఫైల్ ట్రంకేటెడ్" అంటే సగం రాసిన ఆబ్జెక్ట్ ఫైల్ మిగిలిపోయింది, మేక్ క్లీన్ చేస్తే పోతుంది. పాత డెస్క్‌టాప్‌లో "క్లాక్ స్క్యూ డిటెక్టెడ్" వస్తే టైమ్ తప్పుగా ఉంది, మదర్‌బోర్డు మీద నాణెం బ్యాటరీ అయిపోయి ఉంటుంది, అది మార్పించండి, టైమ్ సరిచేసి మేక్ క్లీన్ కొట్టండి.

మ్యాక్‌లో అప్‌డేట్ తర్వాత "ఇన్‌వాలిడ్ యాక్టివ్ డెవలపర్ పాత్" అంటే ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే.

లాప్‌టాప్‌లో బానే ఉంది, రాస్ప్‌బెర్రీ పైలో ఎడిటర్ స్తంభించిపోతోంది

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే, తెలుగు టైప్ చేసేవాళ్లకి ఇది తప్పకుండా తగులుతుంది. సీ భాషలో క్యార్‌కి మైనస్ విలువలు ఉండాలా వద్దా అన్నది ప్లాట్‌ఫామ్‌కి వదిలేశారు. ఇంటెల్, ఏఎమ్‌డీలో ఉంటాయి, రాస్ప్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ లైనక్స్‌లో ఉండవు, ఆపిల్ తన ఆర్మ్ మ్యాక్‌లలో మాత్రం మళ్లీ ఉంచింది. గెట్‌సీ ఇచ్చిన విలువని క్యార్‌లో పెట్టి, ఫైల్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్‌తో, అంటే మైనస్ 1తో పోలిస్తే, రాస్ప్‌బెర్రీ పై మీద అది ఎప్పటికీ సమానం కాదు, లూప్ ఆగదు, అదే ఆ స్తంభించడం. ఇంటెల్ మీద అదే కోడ్, 255 అనే బైట్ వస్తే ఫైల్ అయిపోయిందనుకుని మధ్యలో ఆపేస్తుంది. ఆ వేరియబుల్‌ని ఇంట్ చేయండి, రెండూ పోతాయి.

ఇప్పుడు తెలుగు సంగతి. యూటీఎఫ్ 8లో మన ప్రతి అక్షరం, ప్రతి గుణింతం గుర్తు 3 బైట్లు, మొదటి బైట్ ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. ఇంటెల్‌లో క్యార్‌గా చదివితే 224 కాస్తా మైనస్ 32 అయిపోతుంది. సింటాక్స్ కలర్ల కోసం 256 గదుల అర్రే పెట్టి దాన్ని ఈ క్యార్‌తో ఇండెక్స్ చేస్తే అర్రే ముందున్న మెమరీలోకి వెళ్లిపోతారు. ఇంగ్లీష్ ఫైల్‌తో ఎన్నిసార్లు టెస్ట్ చేసినా ఇది బయటపడదు, తెలుగు ఫైల్ తెరిచిన మొదటి నిమిషంలో బయటపడుతుంది. ఇజ్‌ఆల్ఫా, ఇజ్‌ప్రింట్ లాంటివాటికి ఇచ్చే ముందు అన్‌సైన్డ్ క్యార్‌గా మార్చి ఇవ్వండి, జీసీసీకి ఎఫ్ సైన్డ్ క్యార్, ఎఫ్ అన్‌సైన్డ్ క్యార్ రెండు ఫ్లాగులతోనూ ఒక్కోసారి బిల్డ్ చేసి చూస్తే రాస్ప్‌బెర్రీ పై కొనకుండానే తేడా తెలిసిపోతుంది.

బ్యాక్‌స్పేస్ కొడితే డైమండ్‌లో ప్రశ్న గుర్తు వస్తోందంటే మీరు ఒక్క బైట్ మాత్రమే తీస్తున్నారు. 128 నుంచి 191 దాకా ఉన్న బైట్లు అక్షరం మధ్యవి, అవి కనపడినంతసేపూ వెనక్కి వెళ్లి మొదటి బైట్‌తో కలిపి తీసేయాలి. "స్త్రీ" చూడ్డానికి ఒక్క అక్షరం, లోపల 6 కోడ్ పాయింట్లు (యూనికోడ్ గుర్తులు), 18 బైట్లు, కాబట్టి బైట్ల లెక్కతో కర్సర్ జరిపితే స్క్రీన్ మీద ఎక్కడికో పోతుంది.

పాత ఎడిటర్ సోర్స్‌ని రాస్ప్‌బెర్రీ పై మీద కాన్ఫిగర్ చేస్తే "క్యానాట్ గెస్ బిల్డ్ టైప్" అంటుంది, 64 బిట్ ఆర్మ్ రాకముందు రాసిన కాన్ఫిగ్ డాట్ గెస్, కాన్ఫిగ్ డాట్ సబ్ అవి. ఆటోటూల్స్ డెవ్ ప్యాకేజీలో ఉన్న కొత్తవాటిని కాపీ చేసేయండి.

ఈమాక్స్

గిట్ నుంచి తీసుకుంటే కాన్ఫిగర్ ఫైలే ఉండదు, ముందు ఆటోజెన్ నడపాలి. గ్నూటీఎల్‌ఎస్ (నెట్ కనెక్షన్‌ని భద్రంగా ఉంచేది) లాంటి లైబ్రరీ లేదని ఆగితే ఆ డెవ్ ప్యాకేజీ వేయండి, లేకుండా చేసే దారి ఎర్రర్ కిందే రాసుంటుంది కానీ అలా చేస్తే తర్వాత ప్యాకేజీలు దించుకోవడం దగ్గర ఇబ్బంది పడతారు. ఈమాక్స్ లిస్ప్ కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చే లిబ్‌జీసీసీజిట్ దొరకలేదంటే మీ జీసీసీ నంబరు ఎంతో అదే నంబరు ప్యాకేజీ కావాలి, ఉబుంటు 24.04 అయితే 13. పాత ట్యుటోరియల్ చూసి 26 లాంటి వెర్షన్ బిల్డ్ చేస్తే డంపింగ్ (లోడైన ఈమాక్స్‌ని ఫైల్‌గా దాచే దశ) దగ్గర సెగ్మెంటేషన్ ఫాల్ట్ రావచ్చు, ఆ పాత డంప్ పద్ధతి బదులు 2020లో వచ్చిన 27 నుంచి పోర్టబుల్ డంపర్ వాడుతున్నారు, కాబట్టి కొత్తది తీసుకోండి.

అంతా అయ్యాక తెలుగులో ఒత్తులు విడివిడిగా పడుతుంటే, అక్షరాలని కలిపి పేర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ లేకుండా బిల్డ్ అయింది, లిబ్ హార్ఫ్‌బజ్ డెవ్ వేసి మళ్లీ కాన్ఫిగర్ చేయండి. డబ్బాల్లో నంబర్లు కనపడితే అది ఫాంట్ లేకపోవడం, ఫాంట్స్ టెలు అనే ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. టెర్మినల్‌లో తెరిచినప్పుడు మాత్రమే ఒత్తులు చెదిరితే ఎడిటర్‌ని తిట్టకండి, అక్కడ అక్షరాలు గీసేది టెర్మినల్. విండోలో తెరిచి స్క్రాచ్ బఫర్‌లో "స్త్రీ", "లక్ష్మి" టైప్ చేసి, అక్షరం మీద కర్సర్ పెట్టి కంట్రోల్ యూ, కంట్రోల్ ఎక్స్, ఈక్వల్స్ నొక్కండి, ఫాంట్ పేరుకి ముందుండే పొట్టి పదం చివర హెచ్‌బీ అని ఉంటే హార్ఫ్‌బజ్ పని చేస్తున్నట్టే.