గోదావరి ప్రయాణం, సొంత ఏర్పాట్లు – మూడో పాఠం: విమానాశ్రయం నుంచి హోటల్‌కు కారు

ముందుగా గత పాఠంలోని అభ్యాసానికి జవాబు. భీమవరంలో బస చేయబోయేవారు మధురపూడిలో ఉన్న రాజమహేంద్రవరం విమానాశ్రయంలో దిగాలా, గన్నవరంలో ఉన్న విజయవాడ విమానాశ్రయంలో దిగాలా అని అడిగాను. మధురపూడి నుంచైనా గన్నవరం నుంచైనా భీమవరానికి దూరం ఇంచుమించు సమానమే. కాబట్టి విమానం వేళను బట్టి తేల్చుకోవాలి. చీకటి పడకముందే మిమ్మల్ని గదికి చేర్చే విమానం ఏదైతే దానికే టికెట్టు తీసుకోండి. అమలాపురం, రాజోలు, దిండి వైపు వెళ్లేవారికి మాత్రం మధురపూడే దగ్గర. చవక అని విశాఖపట్నానికి టికెట్టు కొంటే అక్కడి నుంచి రాజమహేంద్రవరానికే దాదాపు 200 కిలోమీటర్లు. టికెట్టులో మిగిలింది కారు కిరాయికి సరిపోదు.

ఈసారి కారు మాట్లాడుకోవడం నేర్చుకుందాం. ఉదాహరణకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, వయసు మళ్లిన అమ్మానాన్నలు, నాలుగు పెట్టెలు. మధురపూడిలో దిగి, దిండిలో వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న రిసార్టుకు వెళ్లాలి. సుమారు 100 కిలోమీటర్లు, రెండున్నర నుంచి మూడు గంటల ప్రయాణం. ఇంత దూరానికి దిగాక బేరం మొదలుపెట్టడం తగదు. బయట దొరికే టాక్సీలు ఎక్కువగా ఊళ్లోకి వెళ్లేవి. కోనసీమ దాకా రమ్మంటే కొందరు రాలేమంటారు, వచ్చేవారు చెప్పిన ధరకు మీరు తల ఊపాల్సిందే. పెద్దవాళ్లను ఎండలో నిలబెట్టి బేరమాడే ఓపిక ఎవరికుంటుంది?

ఎవరిని అడగాలి?

మొదట హోటల్‌నే అడగండి. హోటళ్లు ఎక్కువ చెబుతాయన్న అనుమానం చాలామందికి ఉంటుంది, అది కొన్నిచోట్ల నిజమే. అయినా వాళ్లకు తెలిసిన ఒక సంగతి ఇంకెవరికీ తెలియదు: మీరు వచ్చే రోజు ఆ హోటల్ నుంచి విమానాశ్రయానికి వెళ్లేవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్లను దింపిన కారు ఖాళీగా తిరిగి వస్తుంది. ఆ కారు మీకు కుదిరితే ఇద్దరికీ లాభమే. అందుకే ఫోను చేసినప్పుడు "కారు పంపిస్తారా?" అని ఊరుకోకుండా, "ఆ రోజు మధురపూడికి వచ్చే కారు ఏదైనా ఉందాండి?" అని అడగండి. హోటల్ నంబరును మాత్రం మీ గది రసీదు మీద చూసి తీసుకోండి. వెతికితే ముందుగా కనిపించే నంబర్లలో దొంగ నంబర్లూ ఉంటాయి. అడ్వాన్సు పేరుతో డబ్బు కాజేసేవాళ్లు వాటినే వాడుకుంటారు.

తర్వాత రాజోలు, అమలాపురం, రాజమహేంద్రవరాల్లోని ట్రావెల్స్‌లో కనీసం రెండింటిని అడిగి చూడండి. ఫోనులోని టాక్సీ యాప్‌లు ఊరి లోపల తిరగడానికి బాగానే పనికొస్తాయి. ఇలాంటి దూరప్రయాణానికి వాటిలో డ్రైవర్ ఎవరో చాలాసార్లు బయలుదేరే ముందు గాని తెలియదు. ఆఖరి నిమిషంలో ఆయన రానంటే మళ్లీ మొదటికొస్తుంది. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు నేనైతే మనిషి గొంతు వినకుండా కారు ఖాయం చేసుకోను.

కిరాయి లెక్క

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

మీరు వెళ్లేది ఒకవైపే అయినా కిరాయి రెండువైపులకూ కడతారు. రానూపోనూ అంటే అదే. ఇందులో మోసమేమీ లేదు. మిమ్మల్ని దిండిలో దింపాక ఆ డ్రైవర్‌కు అక్కడ ప్రయాణికులు దొరకరు, వంద కిలోమీటర్లు ఖాళీ బండితో వెనక్కి రావాలి, ఆ డీజిలు ఎవరు పోస్తారు? కాబట్టి ఒకవైపు దూరాన్ని పట్టుకుని బేరం చేయకండి. కిలోమీటరు ధర, కనీస కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా (ఆయన రోజు ఖర్చు), టోల్, ఆగినందుకు అదనం: ఈ ఐదింటినీ విడివిడిగా అడగాలి.

ఒక లెక్క వేద్దాం. అంకెలు అభ్యాసం కోసం అనుకున్నవే, మీ ప్రయాణం నాటి ధరలను అడిగి తెలుసుకోండి. కిలోమీటరుకు 14 రూపాయలు, బత్తా 300 అనుకుందాం. రానూపోనూ 200 కిలోమీటర్లకు 2,800, బత్తా కలిపితే 3,100. ఇదే మీరు ఇంట్లో వేసుకున్న లెక్క. దిండిలో దిగాక 3,800 అడిగారనుకోండి. ఎక్కడిదీ 700? చాలా ట్రావెల్స్‌లో రోజుకు కనీస కిలోమీటర్లు అన్న నిబంధన ఉంటుంది. అది 250 అయితే, తిరిగింది 200 అయినా 250కే కట్టాలి: 3,500, దానికి బత్తా. కిలోమీటరు ధర ఒక్కటే అడిగినవారికి ఇది చివరిదాకా తెలియదు. మరో ట్రావెల్స్ 15 రూపాయలు చెప్పి కనీసం ఏమీ లేదంటే, 200 కిలోమీటర్లకు 3,000, బత్తాతో 3,300. చవకగా వినిపించిన 14 కంటే ప్రియంగా వినిపించిన 15లోనే మీకు 500 మిగులుతుంది.

కిలోమీటర్లు ఎక్కడి నుంచి లెక్కేస్తారన్నది కూడా అడగండి. కొందరు విమానాశ్రయం నుంచి, మరికొందరు కారు షెడ్డు నుంచి షెడ్డు దాకా లెక్కేస్తారు. షెడ్డు రాజోలులో ఉంటే పెద్ద తేడా రాదు. కాకినాడలో ఉంటే వస్తుంది.

జాతీయ రహదారి మీద రావులపాలెం దగ్గర ఈతకోటలో టోల్ ప్లాజా ఉంది. దారిని బట్టి అది తగలవచ్చు, తగలకపోవచ్చు. గన్నవరం నుంచి ఏలూరు మీదుగా వచ్చేవారికి కలపర్రు, ఇంకా ముందుకు వెళితే ఉంగుటూరు తగులుతాయి. టోల్ డబ్బు కారు ఫాస్టాగ్ నుంచి పోతుంది కనుక అప్పటికి మీ జేబుకు తెలియదు, చివర్లో బిల్లులో కలుస్తుంది. "టోల్ కలిపేనా?" అని ముందే అడిగితే ఆ ముచ్చట ఉండదు. అన్నీ కలిపి ఒకే మొత్తానికి ఒప్పుకోవడం మరీ మంచిది. ఇలాంటి ప్రయాణాలకు అదే నాకు నచ్చిన పద్ధతి. ఎంత తేలిందో వాట్సాప్‌లో రాయించుకోండి.

సంక్రాంతి రోజుల్లో ఈ లెక్కలేవీ నడవవు. కోడిపందేల వారం భీమవరం చుట్టుపక్కల గదులే దొరకవు, కార్ల సంగతి చెప్పనక్కర్లేదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అంబాజీపేట వైపు దారులన్నీ జనంతో నిండిపోతాయి. మాఘమాసంలో అంతర్వేది కల్యాణం రోజుల్లో రాజోలు దారి అలాగే ఉంటుంది. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. అలాంటి రోజుల్లో వచ్చేవారు విమానం టికెట్టు తీసుకున్న రోజే కారూ ఖాయం చేసుకోవాలి.

చోటు, దారి

మన జిల్లాల్లో ఊరి పేరు ఒక్కటే చెబితే చాలదు. గన్నవరం అనగానే విమానాశ్రయం ఉన్న ఊరు గుర్తొస్తుంది. అది కృష్ణా జిల్లాలో ఉంది. కోనసీమలో వైనతేయ పాయ పక్కన పి.గన్నవరం ఉంది. పి.గన్నవరంలో దిగాల్సిన పెళ్లివారు ఫోనులో గన్నవరం అని కొడితే యాప్ వాళ్లను ఏ వైపుకు తీసుకెళ్తుందో ఊహించండి. యలమంచిలి కూడా అంతే, పాలకొల్లు పక్కన ఒకటి, అనకాపల్లి జిల్లాలో మరొకటి. అందుకని ఊరు, మండలం, జిల్లా మూడూ చెప్పండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కాబట్టి పాత చిరునామాల్లో తూర్పు గోదావరి అని ఉన్న దిండి ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉంటుంది. హోటల్ వారి నుంచే మ్యాపు లొకేషన్ తెప్పించుకుని డ్రైవర్‌కు పంపండి, మీరు సొంతంగా వెతికి పంపకండి.

దిండికి రెండు దారులు. రెండూ రావులపాలెం దాకా ఒకటే: మధురపూడి నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి వస్తారు. అక్కడి నుంచి ఒక దారి కొత్తపేట, పి.గన్నవరం, రాజోలు మీదుగా కొబ్బరితోటల మధ్య వెళ్తుంది. ఇంకొకటి సిద్ధాంతం దగ్గర వశిష్ఠను దాటి, పెనుగొండ, మార్టేరు, పాలకొల్లు మీదుగా వచ్చి, చించినాడ వంతెన మీద మళ్లీ వశిష్ఠను దాటి దిండిలో దింపుతుంది. ఏ దారి బాగుందో ఆ వారం డ్రైవర్‌కే తెలుస్తుంది. అడగండి, ఆయన చెప్పింది వినండి. కోతల కాలంలో రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది, రాశుల అంచున రాళ్లు పేరుస్తారు. ఎదురుగా లారీ వస్తే ఒక బండి ఆగాల్సిందే. పగలైతే ఇది చూడముచ్చటగా ఉంటుంది, రాత్రి కాలువ గట్టు మీద మాత్రం ప్రమాదం. వెలుగు ఉండగా చేరేలా చూసుకోండని మొదట్లో చెప్పింది ఇందుకే.

మ్యాపు దగ్గర ఇంకో జాగ్రత్త. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి గోదావరి మీద పంటు (రేవు దాటించే పెద్ద పడవ) నడుస్తుంది. ఫోను ఒక్కోసారి ఆ రేవునే దగ్గర దారిగా చూపిస్తుంది. సరదాకు బాగుంటుంది గాని, వరద వస్తే పంటు ఆపేస్తారు, చీకటి పడ్డాక నమ్ముకోలేం. మ్యాపు సెట్టింగుల్లో ఫెర్రీలు వద్దని పెట్టుకోండి.

జూలై నుంచి సెప్టెంబరు వరకు వచ్చేవారు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం చూసుకోవాలి. 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక గ్రామాలకు, అంటే నది మధ్య దిబ్బల మీది ఊళ్లకు, వెళ్లే కాజ్‌వేలు వరదకు మునుగుతాయి. మీ బస లంకలో ఉంటే హెచ్చరిక వెలువడిన రోజున హోటల్‌కు ఫోను చేసి, కారు ఎంతవరకు వస్తుందో కనుక్కోండి.

బండి

నలుగురికీ చిన్న కారు చాలదా అంటే, మనుషులకు చాలుతుంది, పెట్టెలకు చాలదు. సీఎన్‌జీ కారు అయితే డిక్కీలో సగం సిలిండరే ఉంటుంది. ఏడుగురు కూర్చునే బండిలో చివరి వరుస సీట్లు ఎత్తి ఉంచితే వెనక చోటే మిగలదు. పెట్టెలెన్నో చెప్పి, డిక్కీ ఫొటో అడగండి.

పసుపు రంగు పలకమీద నల్ల అక్షరాలుంటే కిరాయి బండి. విద్యుత్ కారు అయితే ఆకుపచ్చ పలకమీద పసుపు అక్షరాలు. తెలిసినవాళ్ల తెల్ల పలక కారు చవకగా దొరికినా ఎక్కకండి. అది సొంత వాడకానికి బీమా చేసిన బండి, జరగరానిది జరిగితే పరిహారానికి బీమా సంస్థ అడ్డు చెబుతుంది.

ఒకే సందేశం

మాట్లాడిందంతా ఒకచోట రాసి పంపి, "సరేనండి" అన్న జవాబు తెప్పించుకోండి. ఇలా రాయవచ్చు:

"నమస్కారమండి. 14 ఫిబ్రవరి, శనివారం. రాజమహేంద్రవరం విమానాశ్రయం, మధురపూడి. హైదరాబాదు నుంచి వచ్చే విమానం (నంబరు ఇక్కడ), దిగే వేళ మధ్యాహ్నం 12.20. నలుగురం, పెద్ద పెట్టెలు నాలుగు. ఇద్దరు పెద్దవాళ్లున్నారు. దిగవలసింది దిండి, మలికిపురం మండలం, కోనసీమ జిల్లా, లొకేషన్ పంపాను. టోల్, బత్తా, పార్కింగు, రానూపోనూ అన్నీ కలిపి 3,300. అడ్వాన్సు 500 ఇచ్చాను, మిగతాది దిగాక. విమానం ఆలస్యమైతే గంట వరకు అదనం లేదు, ఆపైన గంటకు 100. కారు నంబరు, డ్రైవర్ గారి ఫోను నంబరు ముందు రోజు సాయంత్రానికి పంపగలరు."

ఇందులో విమానం నంబరు చాలా ముఖ్యం. అది ఉంటే విమానం ఎక్కడుందో డ్రైవర్ తన ఫోనులోనే చూసుకుంటారు, మీరు గాలిలో ఉండగా ఆయన మీకు ఫోను చేయాల్సిన పని ఉండదు. తేదీతోపాటు వారం కూడా రాయండి. మన ఇళ్లలో తెల్లవారేదాకా అదే రోజు. "శుక్రవారం రాత్రి ఒంటిగంట" అంటే మనకు శుక్రవారమే, టికెట్టులో అది శనివారం. గన్నవరంలోనో శంషాబాదులోనో అర్ధరాత్రి దాటాక దిగేవారికి కారు ఒక రోజు ముందో వెనకో రావడానికి కారణం ఎక్కువగా ఇదే.

అడ్వాన్సు కొద్దిగానే ఇవ్వండి. యూపీఐలో పంపే ముందు తెర మీద కనిపించే పేరు చదవండి. డబ్బు వెనక్కి ఇస్తామంటూ ఎవరైనా మిమ్మల్ని పిన్ నొక్కమంటే ఫోను పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోను చేయాలి.

మరో మాట, ఇది డ్రైవర్ల పక్షాన. నలుగురికి ఖాయమని చెప్పి, చివర్లో చవకైన కారు ఎక్కి మిగతావారిని గాలికి వదిలేసే అలవాటు మనలో ఉంది. మీ కోసం రాజోలులో తెల్లవారుజామునే లేచి బయలుదేరిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. మానుకున్నట్టయితే ముందు రోజే చెప్పండి. మధ్యాహ్న వేళ దారిలో భోజనానికి ఆగితే ఆయననూ పిలవండి.

దిగిన రోజు పెట్టెలు వచ్చాకే డ్రైవర్‌కు ఫోను చేయండి, అప్పుడు ఆయన బండిని ద్వారం దగ్గరకు తెస్తారు. ఎక్కే ముందు నంబరు పలకను సందేశంలోని నంబరుతో పోల్చి చూసి, లొకేషన్‌ను ఇంట్లో ఒకరికి పంచండి. దారిలో ఆపద వస్తే 112.

అభ్యాసం: ఆరుగురు బంధువులు, ఎనిమిది పెట్టెలు, ఆగస్టు రెండో వారం. విమానం గన్నవరంలో సాయంత్రం 5.30కి దిగుతుంది. బస అంతర్వేదిలో. ఏ బండి మాట్లాడతారు, ఏ దారిన రమ్మంటారు, హోటల్‌ను ఏమేం అడుగుతారు? సందేశం పూర్తిగా రాయండి. ఆ రాత్రికి వాళ్లు అంతర్వేది దాకా వెళ్లకుండా దారిలో ఎక్కడైనా ఆగడం మేలని మీకు అనిపిస్తే, ఆ ఊరు పేరు, కారణం కూడా రాయండి. జవాబును నాలుగో పాఠంలో చూద్దాం. ఆ పాఠం తిరుగు ప్రయాణానికి హోటల్ నుంచి ఎన్ని గంటల ముందు బయలుదేరాలన్న లెక్క గురించి.