సామీస్ సైన్స్ హౌస్ పాత డిస్కు ఇప్పటి కంప్యూటర్‌లో ఆడకపోతే

ఎడ్‌మార్క్ సంస్థ 1994లో బడికి కొత్తగా వెళ్లే పిల్లల కోసం తెచ్చిన ఆట ఇది. చెరువు దగ్గరి జంతువులు, వాతావరణం, మొక్కల వర్గీకరణ అన్నీ అందులో ఉన్నాయి. ఆ నాటి విండోస్ డిస్కుతో వచ్చే చిక్కులివి.

సమస్య: సెటప్ నొక్కగానే "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అని వస్తుంది.
కారణం: ఇది 16 బిట్ ప్రోగ్రామ్. 64 బిట్ విండోస్‌లో వాటిని నడిపే భాగమే లేదు. కంపాటిబిలిటీ మోడ్ ఎంత మార్చినా దండగే.
పరిష్కారం: డాస్‌బాక్స్‌లో (ఇప్పటి కంప్యూటర్‌లో పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే ఉచిత ప్రోగ్రామ్) విండోస్ 3.1 వేసి, ఆటను దాని లోపల ఇన్‌స్టాల్ చేయండి.

సమస్య: ఇన్‌స్టాల్ అయింది, కానీ సీడీ పెట్టమని అడుగుతూనే ఉంది.
కారణం: సీడీలోని ఫైళ్లను డాస్‌బాక్స్‌కు మామూలు ఫోల్డర్‌గా మౌంట్ చేశారు (తగిలించారు), లేదా ఇన్‌స్టాల్ చేసినప్పటి డ్రైవ్ అక్షరం మారింది.
పరిష్కారం: సీడీని ఐఎస్ఓ ఫైలుగా (సీడీ మొత్తానికి ఒకే ఫైలు నకలు) చేసుకుని, విండోస్ 3.1 మొదలుపెట్టకముందే డాస్‌బాక్స్‌లోని ఇమ్‌జీమౌంట్ (imgmount) కమాండ్‌తో ప్రతిసారీ డి డ్రైవ్‌గానే తగిలించండి. ఆ లైను డాస్‌బాక్స్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు చివర ఆటోఎక్సెక్ (autoexec) భాగంలో రాసేస్తే మళ్లీ టైపు చేసే పని ఉండదు.

సమస్య: 256 రంగులు కావాలంటుంది, లేదా బొమ్మలు వికారంగా కనిపిస్తాయి.
కారణం: విండోస్ 3.1 మామూలుగా 16 రంగుల వీజీఏతో మొదలవుతుంది.
పరిష్కారం: డాస్‌బాక్స్ అనుకరించే ఎస్3 వీడియో కార్డు డ్రైవర్ సంపాదించి, మెయిన్ గ్రూపులోని విండోస్ సెటప్‌లో డిస్‌ప్లే కింద 640×480, 256 రంగులు ఎంచుకోండి. ఎక్కువ రంగులైతే ఇంకా బాగుంటుందని 65 వేల రంగులు పెట్టకండి. ఈ కాలపు ఆటలు 256 రంగుల పట్టికను నమ్ముకుని రాసినవి. తప్పు డ్రైవర్ పడి విండోస్ తెరుచుకోకపోతే, డాస్‌లోనే విండోస్ ఫోల్డర్‌కు వెళ్లి సెటప్ నడిపి మళ్లీ వీజీఏ పెట్టండి.

సమస్య: మాటలు వినిపించవు.
ఈ ఒక్కటీ సర్దకుండా పిల్లల ముందు పెట్టకండి. చదవడం రాని పిల్లలకు సూచనలన్నీ గొంతుతోనే అందుతాయి. విండోస్ 3.1 కంట్రోల్ ప్యానెల్‌లో డ్రైవర్స్, యాడ్ నొక్కి సౌండ్ బ్లాస్టర్ 1.5 (ఆ కాలపు సౌండ్ కార్డు) ఎంచుకోండి. పోర్టు 220, ఇంటరప్ట్ 7 ఇవ్వండి. డాస్‌బాక్స్ మొదటినుంచీ వాడేవి ఇవే; వేరే అంకెలు ఇస్తే నిశ్శబ్దమే.

గొంతు వస్తున్నా ముక్కలుముక్కలుగా తెగుతుంటే, కారణం సైకిల్స్, అంటే డాస్‌బాక్స్ నడిచే వేగాన్ని నిర్ణయించే కాన్ఫిగ్ ఫైలు సెట్టింగు. గరిష్ఠం మీద వదిలేయకుండా 15000 దగ్గర స్థిరంగా పెట్టి, కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కి తగ్గిస్తూ, ఎఫ్12 నొక్కి పెంచుతూ చూడండి. అప్పటికీ తెగితే అదే ఫైలులో మిక్సర్ భాగంలోని ప్రీబఫర్‌ను (ముందుగా దాచుకునే శబ్దం) 50కి పెంచండి.

సమస్య: మౌస్ బాణం డాస్‌బాక్స్ కిటికీ దాటి బయటికి రాదు.
కంట్రోల్, ఎఫ్10 కలిపి నొక్కితే వస్తుంది. ఆల్ట్, ఎంటర్ నొక్కి పూర్తి తెర చేసి ఇస్తే ఈ గొడవ ఉండదు.

సమస్య: ఆటలోని వాతావరణ విభాగమైన వెదర్ మెషీన్‌లో ఎంత తేమ పెట్టినా వానే, మంచు పడదు.
ఇది లోపం కాదు, పాఠం. తేమతోపాటు ఉష్ణోగ్రతను గడ్డకట్టే స్థాయికి దించాలి. ఆ సంగతి మీరు చెప్పేయకండి, పిల్లలు మీటలు అటూ ఇటూ కదిపి కనిపెట్టనివ్వండి. చెరువు విభాగమైన ఏకార్న్ పాండ్‌లో మాత్రం మీ సాయం కావాలి: అక్కడివి అమెరికా నాలుగు కాలాలు, శీతాకాలంలో చెరువు గడ్డకడుతుంది. ఆరు ఋతువులు వల్లించే మన పిల్లలకు ఆ చెరువు ఎక్కడిదో ముందే చెప్పాలి.